ఫలానా కంపెనీ నూనె కొనొద్దంటే కేసు అవుతుందా?

ప్రశ్న: మాది పశ్చిమ గోదావరి జిల్లా. సంక్రాంతికి మా ఊళ్లో ఒక పార్టీ నాయకుడి పేరు మీద కబడ్డీ పోటీలు పెట్టారు. ఫ్లెక్సీల మీద ఆయన ఫొటో, పార్టీ గుర్తు, కింద స్పాన్సర్‌గా మేం రోజూ వాడే వంటనూనె కంపెనీ లోగో. ఒళ్లు మండి మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో ఇలా రాశాను: "మనం కొనే ప్రతి ప్యాకెట్టు డబ్బుతో ఈ కంపెనీ ఆ పార్టీకి కోట్లు ముట్టజెప్పింది. బదులుగా భూములు కొట్టేసింది. ఆ నూనెలో కల్తీ కూడా ఉంది. ఇక నుంచి ఎవరూ కొనకండి." గ్రూపు అడ్మిన్ నేనే. మెసేజ్ ఊరంతా తిరిగింది. ఇప్పుడు కంపెనీ లాయర్ నుంచి నోటీసు వచ్చింది. వారంలో క్షమాపణ చెప్పాలట, 50 లక్షలు పరిహారం కట్టాలట, లేకపోతే సివిల్, క్రిమినల్ కేసులు వేస్తారట. డీలరు పోలీసులకు చెప్పినట్టున్నాడు, స్టేషన్‌కు ఒకసారి వచ్చి వెళ్లమని ఫోన్ వచ్చింది. మా ఆడపడుచు గవర్నమెంట్ టీచరు, ఆమె కూడా ఆ మెసేజ్ ఫార్వర్డ్ చేసింది. మావారికి కిరాణా షాపు ఉంది. వర్తకుల సంఘం తరఫున ఆ సరుకు దించుకోవడమే మానేద్దామంటున్నారు. మేం చేసింది నేరమా?

జవాబు: ముందు స్టేషన్ సంగతి చూద్దాం, మీ ఇంట్లో అసలు టెన్షన్ దాని గురించే కాబట్టి. పరువు నష్టం అనేది పోలీసులు తమంతట తాము దర్యాప్తు చేసే నేరం కాదు. మేజిస్ట్రేట్ ఉత్తర్వు లేకుండా వాళ్లు ఆ పని చేయలేరు. పరువు పోయిందని చెప్పుకునేవారు నేరుగా మేజిస్ట్రేట్ కోర్టులో ప్రైవేటు ఫిర్యాదు వేసుకోవాలి. కొత్త చట్టం, అంటే భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 223వ సెక్షన్ ప్రకారం, ఆ ఫిర్యాదును కోర్టు విచారణకు స్వీకరించే ముందే మీ వాదన కూడా వినాలి. పాత చట్టంలో ఈ సౌకర్యం లేదు. ఇక సాక్షిగా వివరాలు అడగాలన్నా మహిళను స్టేషన్‌కు రమ్మనకూడదు, ఇంటికే రావాలి. 179వ సెక్షన్ చెప్పేది అదే. కాబట్టి ఫోన్ చేసినవారిని మర్యాదగా రెండే అడగండి: ఏ సెక్షన్ కింద పిలుస్తున్నారు, రాతపూర్వకంగా నోటీసు ఇస్తారా అని. పరువు నష్టం కాక వేరే సెక్షన్ ఏదైనా చెబితే ఆ కాగితం తీసుకుని వెంటనే మీ ఊళ్లోని లాయర్‌ను కలవండి.

ఇక మీ మెసేజ్. అందులో నాలుగు వాక్యాలున్నాయి. మీరు దాన్ని ఒకే కోపంగా చూస్తున్నారు, కోర్టు నాలుగు ముక్కలుగా చూస్తుంది. చివరిదానితో మొదలుపెడతాను.

"ఎవరూ కొనకండి." ఇందులో నేరం ఏమీ లేదు. మీ డబ్బు, మీ ఇష్టం. ఎందుకు కొనడం లేదో చెప్పడం, మీరూ కొనొద్దని నలుగురిని అడగడం రాజ్యాంగం 19(1)(ఎ) ఇచ్చిన వాక్ స్వాతంత్ర్యంలోకే వస్తాయి. 1907లో స్వదేశీ ఉద్యమ నాయకుడు బిపిన్ చంద్రపాల్ రాజమండ్రి వచ్చి విదేశీ సరుకు కొనొద్దని చెప్పినప్పటి నుంచి గోదావరి జిల్లాల వాళ్లకు బహిష్కరణ కొత్తేమీ కాదు. ముంబై బంద్ గురించి ఫేస్‌బుక్‌లో పోస్టు విషయమై 2012లో పాల్ఘర్‌లో ఇద్దరు యువతులను అరెస్టు చేశారు. దాని తర్వాత నడిచిన శ్రేయా సింఘాల్ కేసులో సుప్రీంకోర్టు 2015 మార్చి 24న, ఆన్‌లైన్ రాతలకు జైలుశిక్ష వేసే ఐటీ చట్టం 66ఎ సెక్షన్‌ను కొట్టేసింది. ఒక అభిప్రాయాన్ని చర్చించడం, దాని తరఫున ప్రచారం చేయడం వేరు, గొడవకు ఉసిగొల్పడం వేరు అని ఆ తీర్పు చెప్పింది. "కొనకండి" అన్నది ప్రచారం. "డీలరు షాపు తగలబెట్టండి" అంటే ఉసిగొల్పడం.

లోగో వాడుకోవచ్చా అని కూడా కొందరు అడుగుతుంటారు. ఒడిశాలో ధామ్రా ఓడరేవు వల్ల సముద్ర తాబేళ్లకు ముప్పని గ్రీన్‌పీస్ సంస్థ టాటా లోగోను వెక్కిరిస్తూ ఒక కంప్యూటర్ గేమ్ తయారు చేసింది. టాటా సన్స్ 10 కోట్ల పరిహారం కోరుతూ ఢిల్లీ హైకోర్టుకు వెళ్లింది. గేమ్‌ను తక్షణం ఆపాలని కూడా అడిగింది. 2011 జనవరిలో జస్టిస్ ఎస్. రవీంద్ర భట్ దానికి ఒప్పుకోలేదు. ప్రజలకు సంబంధించిన విషయం మీద విమర్శ చేస్తూ లోగోను ఎగతాళి చేయడం, వ్యాపారం కోసం లోగో దొంగిలించడం ఒకటి కావని ఆ తీర్పు సారాంశం. అంతమాత్రాన మీరు ఆ కంపెనీ ప్యాకెట్టు బొమ్మతో సొంత సరుకు అమ్ముకోవచ్చని కాదు.

"ఆ పార్టీకి కోట్లు ముట్టజెప్పింది." చిక్కు ఇక్కడ మొదలవుతుంది. మీ దగ్గరున్న ఆధారం ఒక ఫ్లెక్సీ. ఫ్లెక్సీ మీద లోగో ఉందని మాత్రమే ఆ ఫ్లెక్సీ రుజువు చేస్తుంది. డబ్బు కంపెనీ ఇచ్చిందా, డీలరు తన జేబులోంచి ఇచ్చాడా, నిర్వాహకులు అడగకుండానే లోగో వేసేశారా? మన ఊళ్లలో మూడూ జరుగుతాయి. పార్టీకి వెళ్లిందా, టోర్నమెంట్ కమిటీకి వెళ్లిందా అన్నది ఇంకో ప్రశ్న.

కంపెనీల చట్టం 2013లో 182వ సెక్షన్ మీకు పనికొస్తుంది. దాని ప్రకారం ప్రభుత్వ కంపెనీ, మూడేళ్లు నిండని కంపెనీ రాజకీయ విరాళం ఇవ్వకూడదు. మిగతావి బోర్డు తీర్మానం చేసి ఇవ్వవచ్చు, అదీ గత మూడేళ్ల సగటు నికర లాభంలో 7.5 శాతం దాటకుండా. ఈ పరిమితిని 2017లో తీసేశారు. ఏ పార్టీకి ఇచ్చారో లెక్కల్లో చూపాలన్న నిబంధన కూడా అప్పుడే పోయింది. 2024 ఫిబ్రవరి 15న సుప్రీంకోర్టు ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం ఎలక్టోరల్ బాండ్లతో (పేరు బయటపడకుండా పార్టీలకు విరాళమిచ్చే బ్యాంకు పత్రాలు) పాటు ఈ మార్పులనూ కొట్టేసింది. ఓటరుకు తెలుసుకునే హక్కు ఉందన్నదే అక్కడ కీలకం. నన్నడిగితే, బహిష్కరించాలనుకునే కొనుగోలుదారుకు ఈ దేశంలో దొరికిన పెద్ద ఆయుధం ఆ తీర్పే, అందులో బహిష్కరణ గురించి ఒక్క మాట లేకపోయినా.

ఆ సెక్షన్‌లోనే స్పాన్సర్‌షిప్‌ల గురించి కూడా ఉంది, చాలామంది చూడరు. పార్టీ వేసే సావనీర్‌లోనో కరపత్రంలోనో కంపెనీ ప్రకటన ఇస్తే దాన్నీ పార్టీకి ఇచ్చిన విరాళంగానే లెక్కగడతారు. పార్టీకి ప్రజాదరణ పెంచే పనులు చేసే మనిషికి ఇచ్చిన డబ్బు కూడా రాజకీయ విరాళమే కావచ్చు. మీ కబడ్డీ పోటీలు అందులోకి వస్తాయా? పార్టీ గుర్తు ఫ్లెక్సీ మీదే ఉంది కాబట్టి వాదించవచ్చు. వాదించవచ్చు అంటున్నాను తప్ప తేలిపోయిందని అనడం లేదు.

రుజువు ఎక్కడ దొరుకుతుందంటే, ముందు కంపెనీ వార్షిక లెక్కలు చూడండి. స్టాక్ మార్కెట్లో లిస్టయిన కంపెనీ అయితే దాని వెబ్‌సైట్‌లోనే వార్షిక నివేదిక ఉంటుంది. లేకపోతే కార్పొరేట్ వ్యవహారాల శాఖ పోర్టల్‌లో 100 రూపాయలు కట్టి ఆ కంపెనీ దాఖలు చేసిన పత్రాలు చూడవచ్చు. తర్వాత ఎన్నికల సంఘం వెబ్‌సైట్‌లో 20 వేలకు మించిన విరాళాల మీద పార్టీలు ఏటా ఇచ్చే నివేదికలు. 2019 ఏప్రిల్ 12 నుంచి కొన్న బాండ్ల వివరాలూ అక్కడే ఉన్నాయి, 2024 మార్చిలో పెట్టారు. ఎలక్టోరల్ ట్రస్టు ద్వారా వెళ్లిన డబ్బుతో మాత్రం జాగ్రత్త. చాలా కంపెనీల డబ్బు ఒక ట్రస్టులో చేరి, అక్కడి నుంచి చాలా పార్టీలకు వెళ్తుంది. మీ నూనె కంపెనీ ట్రస్టుకు ఇచ్చింది, ట్రస్టు ఆ పార్టీకి ఇచ్చింది అని రాయండి. కంపెనీ ఆ పార్టీకి ఇచ్చింది అని రాస్తే మధ్యలో ఒక అడుగు మీరు ఊహించినట్టే.

ఒక మాట పక్కన. బాండ్ల జాబితా బయటికి వచ్చినప్పుడు ఇక ఆ కంపెనీల సరుకు కొనొద్దని చాలామంది ఉత్సాహపడ్డారు. తీరా చూస్తే పైన ఉన్నది ఫ్యూచర్ గేమింగ్, లాటరీ కంపెనీ. ఆ తర్వాత 966 కోట్లతో మన హైదరాబాద్ మేఘా ఇంజినీరింగ్, ప్రాజెక్టులు కట్టే సంస్థ. మీరూ నేనూ లిఫ్ట్ ఇరిగేషన్ పథకాన్ని ఏ షాపులో కొనడం మానేస్తాం? జాబితాలో ఉన్న హైదరాబాద్ మందుల కంపెనీలను బహిష్కరించాలనుకునేవాళ్లు కనీసం బీపీ మాత్రలు డాక్టర్‌ను అడక్కుండా మార్చకండి.

"బదులుగా భూములు కొట్టేసింది." ఇది నేరారోపణ. విరాళం నిజమే అనుకున్నా, దానికీ భూమికీ ముడిపెట్టాలంటే వేరే రుజువు కావాలి. బాండ్ల వెనక ఇచ్చిపుచ్చుకోవడాలున్నాయని, ప్రత్యేక దర్యాప్తు బృందాన్ని వేయమని అడిగితే 2024 ఆగస్టు 2న సుప్రీంకోర్టే ఒప్పుకోలేదు. అలాంటి ఆరోపణలుంటే విడివిడిగా మామూలు చట్టపరమైన మార్గాల్లో వెళ్లమంది. భూమి కేటాయించిన జీవో మీ చేతిలో ఉంటే "ఫలానా తేదీన ఇన్ని ఎకరాలు కేటాయించారు, దీనికి కారణం ఏమిటో ప్రభుత్వం చెప్పాలి" అని అడగండి. ప్రశ్న అడిగినవారి కన్నా తీర్పు చెప్పినవారే కోర్టులో ఎక్కువ ఇబ్బంది పడతారు.

"నూనెలో కల్తీ." అమ్మా, ఈ వాక్యం ఎందుకు రాశారు? నాలుగింటిలో మిమ్మల్ని నిజంగా ముంచేది ఇదే. మీ గొడవ రాజకీయం, మధ్యలో నూనె ఏం చేసింది? కల్తీ అనే అనుమానం నిజంగా ఉంటే ఆహార భద్రతా చట్టం 40వ సెక్షన్ కింద కొనుగోలుదారే ఫీజు కట్టి ఫుడ్ ఎనలిస్టుతో పరీక్ష చేయించుకోవచ్చు. ఆ రిపోర్టు లేకుండా ఈ మాటకు నేను కోర్టులో నిలబడి చెప్పగల సమాధానం ఏమీ లేదు.

ఎందుకింత పట్టుబడుతున్నానంటే, కంపెనీకి కూడా పరువు ఉంటుందని భారతీయ న్యాయ సంహిత (పాత ఐపీసీ స్థానంలో వచ్చిన చట్టం) 356వ సెక్షన్ ఒప్పుకుంటుంది. శిక్ష రెండేళ్ల వరకు సాధారణ జైలు, లేదా జరిమానా, లేదా రెండూ, లేదా సమాజ సేవ. సివిల్ దావాలో నిజమని రుజువైతే చాలు. క్రిమినల్ కేసులో నిజం కావడంతో పాటు అది ప్రజాహితం కోసం చెప్పినట్టు కూడా చూపాలి. మంచి ఉద్దేశంతో, తగిన జాగ్రత్త తీసుకుని రాశారనిపిస్తే మినహాయింపులున్నాయి. జాగ్రత్త తీసుకున్నారనడానికి గుర్తు మీరు చూసిన పత్రాలే.

మావారు, ఆడపడుచు అన్నారు కదా. మీవారు ఒక్కరే తన షాపులో ఆ నూనె పెట్టకపోతే ఎవరూ అడగలేరు. వర్తకుల సంఘం తీర్మానం చేసి ఊళ్లో షాపులన్నీ కలిసి ఆపేస్తే కథ మారుతుంది. వ్యాపారులు కూడబలుక్కుని సరఫరాను కట్టడి చేయడం పోటీ చట్టం 2002లోని 3వ సెక్షన్‌కు తగులుతుంది. మందుల వ్యాపారుల సంఘాల మీద కాంపిటీషన్ కమిషన్ జరిమానాలు వేసిన సందర్భాలున్నాయి. కొనేవాళ్లు కలిసి మానేయడం, అమ్మేవాళ్లు కలిసి మానేయడం చట్టం దృష్టిలో ఒకటి కాదు. సంఘాన్ని ఇందులోకి లాగొద్దని ఆయనతో చెప్పండి.

ఆడపడుచు విషయం మీకన్నా సున్నితం. ఆమెకు 1964 నాటి ఉద్యోగుల ప్రవర్తనా నియమావళి వర్తిస్తుంది, రాజకీయాల్లో పాల్గొనకూడదు. ఒక పార్టీ పేరున్న మెసేజ్‌ను ఫార్వర్డ్ చేయడమే పాల్గొనడం అవుతుందా అని వాదించుకోవచ్చు గానీ, ఆ వాదన డీఈఓ ఇచ్చే మెమోకు సమాధానంగా మొదలవుతుంది. ఆమె నూనె మార్చుకోవడానికి ఏ నియమమూ అడ్డు రాదు. మెసేజ్‌లు మాత్రం మానేయమనండి.

మీరు అడగనిది ఇంకొకటి చెప్పాలి. కోపం కంపెనీ మీద నుంచి డీలరు మీదికి జారనివ్వొద్దు. అతని షాపుకు వచ్చేవాళ్లను అడ్డుకుంటే, బెదిరిస్తే అవి వేరే నేరాలు, అడ్డుకోవడం లాంటివాటికి పోలీసులు నేరుగా రావచ్చు. అతను ఎస్సీ లేదా ఎస్టీ అయ్యుంటే, "ఆ కుటుంబంతో ఎవరూ లావాదేవీలు పెట్టుకోవద్దు" అనే మాట అట్రాసిటీ చట్టం 3(1)(జెడ్‌సీ) కింద ఆర్థిక బహిష్కరణ కేసు కావచ్చు. 2016 జనవరి నుంచి ఆ నిబంధన అమల్లో ఉంది.

నోటీసుకు వద్దాం. నోటీసులో 50 లక్షలని టైప్ చేయడానికి ఖర్చు లేదు, దావా వేయాలంటే అడిగిన మొత్తాన్ని బట్టి కోర్టు ఫీజు కట్టాలి. కాబట్టి అంకె చూసి భయపడొద్దు. అలాగని చెత్తబుట్టలో వేయొద్దు. పరువు నష్టం దావాకు గడువు మెసేజ్ పెట్టినప్పటి నుంచి ఏడాది, క్రిమినల్ ఫిర్యాదుకు మూడేళ్లు. మీ మెసేజ్, ఫ్లెక్సీ ఫొటోలు స్క్రీన్‌షాట్లు తీసి తేదీలతో దాచండి. గ్రూపు అడ్మిన్ అయినందుకు అదనపు భయం అక్కర్లేదు. ఇతరులు పెట్టిన మెసేజ్‌లకు అడ్మిన్ బాధ్యత కాదని బొంబాయి, కేరళ హైకోర్టులు చెప్పాయి. మీ మెసేజ్‌కు మాత్రం మీరే బాధ్యులు.

నేనైతే లాయర్ ద్వారా ఇలా జవాబిప్పిస్తాను. కల్తీ, భూముల మాటలు ఆధారాలు సరిచూసుకోకుండా రాసినవి, వాటిని వెనక్కి తీసుకుంటున్నాను, అదే గ్రూపులో ఆ సంగతి తెలియజేస్తున్నాను. విరాళం గురించి: సంక్రాంతి పోటీల స్పాన్సర్‌షిప్‌కు కంపెనీ ఎంత ఇచ్చింది, ఎవరికిచ్చింది, 182వ సెక్షన్ కింద లెక్కల్లో చూపిందా, దయచేసి తెలియజేయండి. ఆ నూనె కొనకపోవడం, కొనొద్దని చెప్పడం నా హక్కు, దాన్ని వదులుకోవడం లేదు. పరిహారం కట్టే ప్రసక్తి లేదు. నోటీసులో ఇచ్చిన వారం గడువు దాటకముందే రిజిస్టర్డ్ పోస్టులో పంపి, రసీదు జాగ్రత్త చేయండి.