గడ్డి కప్పాక టమాటా ఎదుగుదల ఆగిందా? మట్టి చల్లబడి ఉంటుంది

టమాటా మొదట్లో గడ్డి కప్పిన పది రోజులకే మొక్క ఎదుగుదల ఆగిపోయి, ఆకుల అడుగున ఊదా రంగు వచ్చిందని ఒకరు అడిగారు. కారణం చాలావరకు చల్లటి మట్టే. మట్టి వేడెక్కకముందే మల్చింగ్ (మట్టి మీద ఇలా గడ్డి కప్పడం) వేస్తే ఎండ లోపలికి దిగదు, వేర్లు భాస్వరం అనే పోషకాన్ని సరిగా తీసుకోలేవు, అందుకే ఆ ఊదా రంగు. ఇప్పుడే ఎరువు వేయకండి.

1. గడ్డి మొత్తం పక్కకు లాగేయండి.
2. చాలామంది వదిలేసేది ఇదే: పొద్దున్నే, వేలెడు లోతున థర్మామీటర్ గుచ్చి చూడాలి. మధ్యాహ్నం చూస్తే పైమట్టి వెచ్చగా తగిలి మోసపోతాం. వరసగా నాలుగైదు రోజులు 16 డిగ్రీలు దాటాకే మళ్ళీ కప్పండి.
3. కాండం చుట్టూ నాలుగు వేళ్ళ ఖాళీ వదలండి. తడి గడ్డి ఆనితే కాండం కుళ్ళుతుంది.
4. రాత్రి 10 డిగ్రీల లోపుకు పడేలా ఉంటే సాయంత్రమే పల్చటి గుడ్డ కప్పి, ఉదయం తీసేయండి.

పాత ఆకుల రంగు చూసి టెన్షన్ పడొద్దు. కొత్త చిగురు పచ్చగా వస్తే మొక్క కోలుకున్నట్టే.