అప్రైజర్ల బోర్డులో మనుషుల్ని మారిస్తే మన ఇంటి విలువ సరిగ్గా వస్తుందా?

ప్రశ్న: టెక్సస్‌లో ఇళ్లకి విలువ కట్టే అప్రైజర్లకు లైసెన్సులిచ్చే స్టేట్ బోర్డులో అప్రైజర్లను తగ్గించి, మామూలు జనాన్ని ఎక్కువమందిని కూర్చోబెట్టాలని మా ఆఫీసులో ఒకాయన ఒకటే వాదన. దానివల్ల ఇళ్లు కొనుక్కునే మనలాంటివాళ్లకి ఏమైనా ఒరుగుతుందా?

ఒరగదండీ. మీ ఆఫీసాయన అనుకుంటున్న పద్ధతిలో అయితే అసలే ఒరగదు. నేను అప్రైజర్‌ని కాదు, సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేసుకుని బతికేవాణ్ణి. కాకపోతే ఒకసారి చెయ్యి కాలింది. ఆ కథ చెబితేనే నా జవాబు అర్థమవుతుంది.

2018లో డాలస్ దగ్గర ఫ్రిస్కోలో కొత్త ఇల్లు తీసుకున్నాం. తూర్పు ముఖం లాట్లు, అంటే ఇంటి స్థలాలు, రెండే మిగిలాయని బిల్డర్ మనిషి చెప్పగానే మా ఆవిడ నా మోచెయ్యి పట్టుకుంది. ఆ పట్టు ఖరీదు 12 వేల డాలర్ల లాట్ ప్రీమియం. అన్నీ కలిపి ఇల్లు 4 లక్షల 60 వేలు. పది శాతమే డౌన్ కట్టగలిగాం, దాంతో నెలనెలా పీఎంఐ, అంటే డౌన్ తక్కువ కట్టినందుకు అప్పిచ్చినవాడి రక్షణ కోసం మనం కట్టే బీమా, మెడకి చుట్టుకుంది. 2020 అక్టోబర్‌లో వడ్డీలు మూడు శాతం లోపుకి పడ్డాయి కదా, పాత అప్పు తీర్చి తక్కువ వడ్డీకి కొత్తది తీసుకునే రీఫైనాన్స్‌కి అందరితోపాటు మేమూ పరిగెత్తాం. అప్పటికి బాకీ 4 లక్షల 1 వెయ్యి. ఇంటి విలువ 5 లక్షల రెండు వేలని తేలితే చాలు, బాకీ అందులో 80 శాతం లోపే ఉంటుంది, పీఎంఐ పీడ విరగడవుతుంది. మా రియల్టర్ అయితే కళ్లు మూసుకుని 5 లక్షల 10 వేలన్నాడు.

విలువ కట్టడానికి అప్రైజర్ వచ్చే రోజు ఇంట్లో పెళ్లిచూపుల హడావిడి. రెండు రోజులు తాలింపు లేదు, పెరుగన్నమే. ఒక పెద్దాయన పికప్ ట్రక్కులో వచ్చాడు. మాస్కు, చేతిలో లేజర్ కొలత, సంకలో అట్ట. చాలా మర్యాదస్తుడు. మెట్ల కింద క్లోజెట్‌ని మేం దేవుడి గది చేసుకున్నాం. హైదరాబాద్ నుంచి సూట్‌కేసుల్లో మోసుకొచ్చిన గంటలు తలుపుకి బిగించాం. ఆయన ఆ తలుపు దగ్గర ఆగి, "బూట్లు విప్పాలా?" అని అడిగాడు. లోపలికి అడుగుపెట్టకుండా గుమ్మంలోంచే ఫోటో తీసుకున్నాడు. వెనక పాటియోలో చేపల వేపుడికి పెట్టుకున్న గ్యాస్ పొయ్యిని కాసేపు చూసి ఏదో రాసుకున్నాడు. మొత్తం ఇరవై అయిదు నిమిషాలు. పోతూ పోతూ, మీరు కట్టిన ఫీజులో బ్యాంకుకీ నాకూ మధ్యలో ఉండే కంపెనీ కోసుకోగా నాకొచ్చేది సగం పైచిలుకే అని వాపోయాడు. ఇంకేం, మన పక్షమే అనుకున్నాను.

వారానికి రిపోర్టు వచ్చింది. ముప్ఫై పేజీలు. ఫోటోల దగ్గరికి వచ్చేసరికి మా వెంకటేశ్వరస్వామి పటం, ముందు కుందిలో దీపం, అరటిపళ్లు, కింద ఒక్క మాట: "స్టోరేజ్". మా ఆవిడ రెండు నిమిషాలు మాట్లాడలేదు. తర్వాత, "ఏమండీ, స్వామిని స్టోర్‌రూమ్‌లో పెట్టామంటాడా?" అంది. విలువ చూద్దును కదా, 4 లక్షల 78 వేలు. తూర్పు ముఖానికి విడిగా ఒక్క డాలర్ కూడా కట్టలేదు.

ఆ కోపంలో, స్టేట్ బోర్డుకి ఫిర్యాదు రాసేద్దామని కూర్చున్నాను. మా తోడల్లుడి స్నేహితుడొకడు ఇక్కడే సర్టిఫైడ్ అప్రైజర్. ముందు రిపోర్టు పంపు అన్నాడు. చదివి పడీపడీ నవ్వాడు. "అన్నా, నువ్వు గంటలు కట్టినా క్లోజెట్ క్లోజెట్టే. తూర్పు ముఖమంటావా, ఒకే ప్లాను ఇళ్లు రెండు, ఒకటి తూర్పు, ఒకటి దక్షిణం, ఇంచుమించు ఒకే నెలలో అమ్ముడైనవి చూపించు. ధరలో తేడా ఉంటే అడ్జస్ట్‌మెంట్ అడగొచ్చు. నమ్మకానికి విలువ కట్టరు, తేడాకి కడతారు."

అసలు తప్పు వేరే చోట పట్టుకున్నాడు. మా ఇంటికి విలువ కట్టడానికి పోలికగా తీసుకున్న, అమ్ముడైన ఇళ్లలో మూడోదాని అడ్రసులో ఫ్రిస్కో అనే ఉంది, కానీ అది వేరే స్కూల్ డిస్ట్రిక్ట్. ఫ్రిస్కో ఊరు నాలుగు స్కూల్ డిస్ట్రిక్టుల్లో పరుచుకుని ఉంటుంది. ఇక్కడ ఇల్లు కొనే తెలుగువాడు ముందు బడి చూస్తాడు, తర్వాతే బెడ్‌రూములు లెక్కపెడతాడు. ఆ సంగతి ఆ పెద్దాయనకి పట్టలేదు. పైగా టెక్సస్‌లో ఇల్లు ఎంతకి అమ్ముడైందో ప్రభుత్వానికి చెప్పాల్సిన పని లేదు. మా వీధిలో బిల్డర్ నేరుగా అమ్మిన ఇళ్లు, రియల్టర్లు అమ్మకాలు రాసుకునే జాబితా ఎంఎల్ఎస్‌లోకే ఎక్కలేదు. ఇక ఆయనకి మాత్రం ఎలా కనిపిస్తాయి? నీళ్లలో గేదెకి బేరమాడినట్టే.

రెండు ఎంఎల్ఎస్ కాగితాలు, పక్కింటాయన్ని బతిమాలి తెచ్చిన, ఆయన ఇల్లు ఎంతకి కొన్నాడో చూపే క్లోజింగ్ స్టేట్‌మెంటు జతచేసి, మళ్లీ చూడమని బ్యాంకు ద్వారా పంపాను. ఎనిమిది వేలు పెరిగి 4 లక్షల 86 వేలయింది. మిగతా తేడాకి చేతి డబ్బు 12 వేల చిల్లర కట్టి పీఎంఐ వదిలించుకున్నాం. లాట్ ప్రీమియం కూడా 12 వేలే, గమనించారా? మా ఆవిడ దగ్గర ఈ లెక్క ఎత్తను.

ఇప్పుడు బోర్డు సంగతి. ఫిర్యాదు ఎందుకు రాయలేదంటే, బోర్డు విలువని మార్చదు. అప్రైజర్ పని నిబంధనల ప్రకారం చేశాడా లేదా, అంతే చూస్తుంది. ఇక మీ ఆఫీసాయన అడుగుతున్నది టెక్సస్‌లో ఎప్పటినుంచో ఉంది. బోర్డులో తొమ్మిదిమంది. నలుగురు అప్రైజర్లు, నలుగురు పబ్లిక్ సభ్యులు, తొమ్మిదో ఆయన వెటరన్స్ ల్యాండ్ బోర్డు ఎగ్జిక్యూటివ్ సెక్రటరీ, లేదంటే ఆయన పంపిన మనిషి. అంటే అప్రైజర్లు సగం కూడా లేరు. పబ్లిక్ సభ్యుడే కాదు, వాళ్ల ఇంటాయనో ఇంటావిడో రియల్ ఎస్టేట్ లైసెన్సుదారైనా పనికిరారు. అంత మడి కట్టుకున్న బోర్డు ఉండగానే మా స్వామి స్టోరేజ్‌లోకి వెళ్లాడు.

నా అభిప్రాయంలో చిక్కు కుర్చీల లెక్కలో లేదు, ఆ బోర్డు పుట్టుకలోనే ఉంది. 1980లలో పొదుపు, అప్పుల సంస్థలు వరుసగా మునిగాయి, అందులో టెక్సస్‌వి బోలెడు. ఇసుకదిబ్బకి కూడా బంగారం ధర కట్టిన అప్రైజల్స్ మీద అప్పులిచ్చారు. అందుకే 1989లో ఫెడరల్ చట్టం తెచ్చి రాష్ట్రాల చేత లైసెన్సులు పెట్టించారు. టెక్సస్ బోర్డు 1991లో వచ్చింది. విలువ ఎక్కువ కట్టి బ్యాంకుని ముంచకుండా చూడటానికి పుట్టిన వ్యవస్థ అది. నా ఇంటికి తక్కువ కట్టారే అన్న బాధ దానికి కడుపులోనే లేదు. తొమ్మిదో కుర్చీ చూడండి, మాజీ సైనికులకి అప్పులిచ్చే సంస్థది. అప్పిచ్చేవాడికి పేరు రాసిపెట్టిన కుర్చీ ఉంది. అప్పు తీసుకునేవాడికి ఉన్నది "పబ్లిక్" అనే అద్దె కుర్చీ.

బోర్డుల్లో ఆ వృత్తివాళ్లని తగ్గించాలనే వాదనకి బలం ఎక్కణ్నుంచి వచ్చిందో కూడా చెబుతాను. నార్త్ కరోలినాలో పళ్ల డాక్టర్ల బోర్డు ఉంది. ఎనిమిదిమందిలో ఆరుగురు డాక్టర్లే. మాల్స్‌లో చవకగా పళ్లు తెల్లబరిచే దుకాణాలకి ఆపేయండని ఉత్తరాలు పంపారు. 2015లో సుప్రీంకోర్టు 6-3 తేడాతో తప్పుపట్టింది. పోటీలో ఉన్నవాళ్లే బోర్డుని నడుపుతుంటే, రాష్ట్రం దగ్గరుండి అజమాయిషీ చేయకపోతే గుత్తాధిపత్య నిరోధక చట్టం నుంచి రక్షణ లేదంది. తర్వాత 2017లో లూసియానా అప్రైజర్ల బోర్డు మీదే, వ్యాపారంలో పోటీని కాపాడే ఫెడరల్ సంస్థ ఎఫ్‌టీసీ కేసు పెట్టింది, ఫీజులు ఇంతుండాలని బలవంతం చేస్తున్నారని. ఇలాంటి కేసులతో కొన్ని రాష్ట్రాల్లో కుర్చీలాట మొదలైంది. అది పోటీ గురించిన గొడవ, మీ ఇంటి విలువ గురించి కాదు.

బోర్డులో అప్రైజర్లు లేకపోతే ఏమవుతుందో నన్నే చూడండి. ముప్ఫై పేజీలు రెండుసార్లు చదివి నేను పట్టుకున్నది "స్టోరేజ్" ఒక్కటే. అప్రైజర్ అయిన ఆ కుర్రాడు పది నిమిషాల్లో స్కూల్ డిస్ట్రిక్ట్ పట్టుకున్నాడు. నాలాంటివాళ్లు తొమ్మిదిమంది కూర్చుంటే దేవుడి గదుల మీద విచారణలే నడుస్తాయి.

నన్నడిగితే మార్చాల్సినవి రెండు. ఒకటి, ఆరేళ్ల పదవీకాలం. 2021 జనవరిలో 2.65 ఉన్న ముప్ఫై ఏళ్ల సగటు వడ్డీ 2023 అక్టోబర్‌కి 7.79కి ఎగబాకింది. ఒకే పదవీకాలంలో రెండు లోకాలు! పబ్లిక్ కుర్చీల్లో ఒక్కటైనా, ఈ మధ్యే అప్పు తీసుకుని ఇల్లు కొన్నవాళ్లకి రెండేళ్లకి ఇవ్వాలి. రెండోది, అప్రైజర్ కుర్చీల్లో ఒకటి లైసెన్స్ కొత్తగా తెచ్చుకున్నవాళ్లకి. మా స్నేహితుడి భార్య అప్రైజర్ అవుదామని కోర్సులన్నీ పూర్తిచేసి, పక్కన కూర్చోబెట్టుకుని పని నేర్పే సూపర్‌వైజర్ కోసం ఏడాదిన్నర తిరిగింది. ఇళ్లకి విలువ కట్టే సర్టిఫైడ్ రెసిడెన్షియల్ అర్హతకి 1500 గంటల అనుభవం కావాలి. రేపు తనకి పోటీ వచ్చే మనిషికి ఈరోజు ఎవరు నేర్పుతారు? చివరికి విసిగి స్కూల్లో చేరింది. ఆ గంటల లెక్క పెట్టేది జాతీయ స్థాయిలో, బోర్డు చేతుల్లో లేదంటారు. కాదనను. కానీ ఆ బాధ పడ్డ మనిషి బల్ల దగ్గర ఉంటే మాట వేరుగా నడుస్తుంది.

ఇంకోటి, మనవాళ్లు ఈ బోర్డుని, కౌంటీలో పన్ను కోసం ఇళ్లకి విలువ కట్టే అప్రైజల్ డిస్ట్రిక్టుని కలిపేస్తుంటారు. మీ ఆఫీసాయన కూడా అదే చేస్తున్నాడేమో అడగండి. అక్కడైతే సభ్యత్వం నిజంగానే మారింది. 75 వేల జనాభా దాటిన కౌంటీల్లో ఇప్పుడు తొమ్మిదిమంది డైరెక్టర్లలో ముగ్గుర్ని మనమే ఎన్నుకోవాలి, మొదటి ఎన్నిక 2024 మే 4న జరిగింది. నేను వెళ్లి ఓటేసి వచ్చాను. మా వాట్సాప్ గ్రూపులో చెబితే, "అలాంటిదొకటుందా?" అన్నారు. వాళ్లు కూడా మన విలువలు కట్టరు, చీఫ్ అప్రైజర్‌ని నియమించి బడ్జెట్ చూస్తారు.

ఆ పన్ను మాట వచ్చింది కాబట్టి ఇదీ వినండి. 2021 వసంతంలో కౌంటీ నోటీసొచ్చింది. అప్పు కోసం 4 లక్షల 86 వేలు దాటని మా ఇల్లు, పన్ను కోసం 5 లక్షల 8 వేలట. మే 15 లోపు ప్రొటెస్ట్ వేసి, సాక్ష్యంగా ఆ పెద్దాయన రిపోర్టునే పెట్టాను. ఫోన్లో హియరింగ్. అవతలి మనిషి పేజీలు తిప్పుతున్న చప్పుడు వినబడింది. 4 లక్షల 90 వేలకి తగ్గించారు, ఏడాదికి మూడొందల ఎనభై డాలర్ల దాకా మిగిలింది. "స్వామిని స్టోర్‌రూమ్‌లో పెట్టినాయన పుణ్యమే," అని మా ఆవిడ ఆ సాయంత్రం కొబ్బరికాయ కొట్టించింది.