ఓస్తియా ఆంతికాకి ఒంటరిగా వెళ్లకు తమ్ముడూ

ప్రశ్న: అన్నయ్యా, మాది విశాఖ. మాస్టర్స్ కోసం ఈమధ్యే రోమ్ వచ్చాను. సముద్రం పక్కన పాత రోమన్ నగరం ఉందటగా, ఓస్తియా ఆంతికా. తోడు ఎవరూ లేరు. ఒక్కడినే వెళ్లొచ్చా?

జవాబు: వెళ్లొచ్చు తమ్ముడూ. కానీ వెళ్లకు.

పిరమిదే మెట్రో పక్కనే పోర్తా సాన్ పావ్లో స్టేషన్ ఉంది, అక్కడ రైలెక్కితే అరగంట. సోమవారం మూసేస్తారు, నెలలో మొదటి ఆదివారం ఉచితం. మిగతా రూల్సు, టికెట్ ధర ఫోన్‌లో చూసుకో, మీ తరానికి అదేం కష్టం కాదు.

నేను వచ్చిన కొత్తలో ఎవరినీ అడగడం నామోషీ అనుకునేవాణ్ణి. ఆగస్టులో రూమ్మేట్లంతా ఊళ్లకు పోయారు, నోట తెలుగు మాట పలికి ఎన్నాళ్లయిందో. పులిహోర కలుపుకుని ఒక్కణ్ణే బయల్దేరాను. రైలు దిగి చూస్తే సముద్రం ఏది? టైబర్ నది తెచ్చిన ఒండ్రుతో తీరం మూడు కిలోమీటర్ల దాకా జరిగిపోయింది. నువ్వు విశాఖవాడివి, నీకు ఇంకా నిరాశ. మిట్టమధ్యాహ్నం ఆ నగరం పెద్దవీధి దెకుమానుస్‌లో రాళ్లమీద నడిచి నడిచి, థియేటర్ మెట్లమీద కూర్చుని డబ్బా తీస్తే ముద్ద దిగలేదు. చుట్టూ అందరూ గుంపులుగా ఉన్నారు. అంత గొప్ప చోట ఏమీ చూడకుండానే తిరిగొచ్చాను.

తర్వాత మనవాళ్లతో వెళ్లినప్పుడే అసలు ఓస్తియా కనిపించింది. థియేటర్ వెనక పెద్ద చౌకం ఉంటుంది. దాని చుట్టూ వర్తకుల గదులు, ఒక్కో గది ముందు నేలమీద నలుపు తెలుపు రాళ్లతో బొమ్మ: ఓడలు, దీపస్తంభం, చేపలు. ఒకచోట ఏనుగు, పైన సబ్రాతావాళ్లని రాసుంటుంది, అంటే ఇప్పటి లిబియా తీరం. ఇప్పటి ట్యునీషియాలోని కార్తేజ్‌వాళ్లది ఇంకోచోట, ఫ్రాన్స్‌లోని నార్బోన్‌వాళ్లది మరోచోట. పొట్ట చేతపట్టుకుని సముద్రం దాటినవాళ్లు ముందు చేసిన పని, తమ ఊరి పేరుతో కలుసుకునే చోటు పెట్టుకోవడం! నాకు అది చూస్తే ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది. డయానా ఇంటి వీధిలో అప్పటి తిండి దుకాణం కూడా చూడు, పాలరాతి గట్టు, గోడమీద తినుబండారాల బొమ్మ అలాగే ఉన్నాయి.

ఇంకో సంగతి. పేరున్న క్రైస్తవ గురువు సెయింట్ అగస్టీన్ తల్లి మోనికా క్రీ.శ. 387లో ఇక్కడే పోయింది. కొడుకుతో ఆఫ్రికాకు తిరిగెళ్లడానికి ఓడకోసం ఎదురుచూస్తూ ఉండగానే. ఊళ్లో ఉన్న అమ్మకు వారానికోసారైనా వీడియో కాల్ చెయ్యి, బిజీ అని దాటెయ్యకు.

నేనిక్కడ ఉద్యోగం, ఇల్లు, సంసారం నిలబెట్టుకున్నానంటే ఆదివారాలు గదిలో ఒంటరిగా పడుకోవడం మానేశాకే. చదువు టెన్షన్ అందరికీ ఉంటుంది, డబ్బు ఎలాగో సర్దుకుంటుంది. మీ యూనివర్సిటీలో తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూప్ ఉండే ఉంటుంది, లేకపోతే క్లాసులో బెంగాలీనో తమిళ పిల్లాణ్ణో పిలువు. మొదటి ఆదివారం పొద్దున్నే బయల్దేరండి, టోపీ, నీళ్ల సీసా మర్చిపోవద్దు. సాయంత్రం అదే రైలెక్కి రెండో స్టేషన్ లీడో సెంత్రోలో దిగితే కాస్త నడకలో బీచ్. గొడుగులు, కుర్చీలు ఉన్నచోట డబ్బులు అడుగుతారు, ఉచిత బీచ్ ఎటని అడిగి వెళ్లండి.