సమాచార సాంకేతికత సంస్థలకు, సమాజానికి నిజంగా చేసే పని ఏమిటి?

ఒకచోట తెలిసిన విషయాన్ని, నిర్ణయం తీసుకోవలసిన మనిషికి సమయానికి చేర్చడం. కాగితాలు తగ్గడం వంటివి ఆ తర్వాతి సంగతులు.

గోదావరి వరదనే చూడండి. భద్రాచలంలో నీటిమట్టం 43 అడుగులకు చేరితే మొదటి హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. దిగువన ధవళేశ్వరంలో 10 లక్షల క్యూసెక్కులకు మొదటి హెచ్చరిక ఇస్తారు. ఈ అంకెలు ఫోనుకు అందితే కోనసీమ లంకల్లోని రైతు నీరు రాకముందే పశువులను గట్టు మీదికి తోలుకుపోగలడు.

పంట నమోదు అంత సులువైన కథ కాదు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ పంట నమోదు విధానమైన ఈ-పంటలో సర్వే నంబరు, పైరు వివరాలు, పొలం ఫోటో ఎక్కించి, రైతు చేత వేలిముద్ర వేయిస్తారు. ప్రభుత్వ కేంద్రాల్లో ధాన్యం అమ్మకానికైనా నష్టపరిహారానికైనా ఆ నమోదే ఆధారం. చిక్కంతా అక్కడే. డెల్టాలో కౌలు సాగు చాలా ఎక్కువ. కౌలు రైతుకు ఇచ్చే సాగుదారు హక్కు పత్రానికి భూయజమాని అంగీకారం ఉండాలని 2019 చట్టంలో పెట్టారు. సంతకానికి వెనకాడే యజమానులు తక్కువేమీ కాదు. దాంతో చేలో ఒకరు, కంప్యూటర్‌లో మరొకరు! దీన్ని సర్వర్ మీదికి నెట్టడం నాకు నచ్చదు. మట్టి పనితో అరిగిన వేలిముద్రను యంత్రం గుర్తుపట్టకపోవడం మాత్రం సాంకేతిక లోపమే. ఓటీపీ వంటి మరో దారి ఉంచితే తీరుతుంది. కౌలుదారు పేరు ఎక్కాలా వద్దా అన్నది చట్టం తేల్చాలి.