పాత సైకిల్ స్టాండ్ల కోసం ఫిక్స్‌డ్ డిపాజిట్ తీయవచ్చా?

ప్రశ్న: నేను రాజమహేంద్రవరంలో ప్రభుత్వ ఉపాధ్యాయుడిని. వయసు 52. పాత సైకిల్ దుకాణాల్లో సైకిళ్లను నిలబెట్టి చూపించడానికి వాడిన పోత ఇనుప స్టాండ్లు, గోడకు బిగించే ర్యాకులు, కంపెనీల ఎనామెల్ బోర్డులు సేకరించడం నాకు చాలా ఏళ్లుగా అలవాటు. ఇప్పటికి 3 లక్షల రూపాయల దాకా ఖర్చయింది. దగ్గరి పట్టణంలో మూతపడుతున్న ఒక సైకిల్ షోరూమ్ యజమాని తన దగ్గరున్న ప్రదర్శన సామగ్రి మొత్తం 6 లక్షలకు ఇస్తానంటున్నారు. మా అమ్మాయి పదో తరగతి చదువుతోంది. ఆమె ఇంజినీరింగ్ కోసం దాచిన 9 లక్షల ఫిక్స్‌డ్ డిపాజిట్‌లోంచి తీయాలా, లేక వ్యక్తిగత రుణం తీసుకోవాలా? పదేళ్లలో నేను రిటైరయ్యే నాటికి వీటికి మంచి ధర వస్తుందని నా నమ్మకం.

జవాబు: ఈ రెండు దారుల్లో ఏదీ వద్దన్నదే నా సలహా. అలాగని ఆ షోరూమ్ వైపు వెళ్లవద్దని అనను. వెళ్లండి, కానీ మొత్తం సరుకు కోసం కాదు.

ముందు లెక్క చూద్దాం. 6 లక్షలు ఏడు శాతం వడ్డీకి పదేళ్లు ఉంటే, పన్నుకు ముందు, సుమారు 11.8 లక్షలు అవుతాయి. అంత సామగ్రి పెట్టడానికి నెలకు 2,000 రూపాయల గది తీసుకుంటే పదేళ్లకు మరో 2.4 లక్షలు ఖర్చు. అంటే లారీ కిరాయి, కూలీ, మరమ్మతులు పక్కన పెట్టినా, ఆ సరుకు 14 లక్షలకు పైగా అమ్ముడైతే తప్ప మీరు డిపాజిట్‌ను మించినట్టు కాదు. రుణం తీసుకుంటే పరిస్థితి ఇంకా కఠినం. 12 శాతం వడ్డీతో ఐదేళ్లకు నెలకు దాదాపు 13,350 రూపాయల చొప్పున మొత్తం 8 లక్షలు కట్టాలి. అమ్మాయి కళాశాల ఫీజులు మొదలయ్యేదీ ఆ ఐదేళ్లలోనే. రెండు మూడేళ్లలో తప్పనిసరిగా అవసరమయ్యే డబ్బును, ఎప్పుడు ఎవరు కొంటారో తెలియని వస్తువులో పెట్టకూడదు.

ఈ వస్తువులకు విలువ లేదని నేను అనడం లేదు. నిజానికి దుకాణపు స్టాండ్లు ఆ కాలపు సైకిళ్ల కంటే అరుదైనవి. ఒక దుకాణం వందల సైకిళ్లు అమ్మినా కంపెనీ స్టాండు ఒకటో రెండో ఉండేవి, దుకాణం ఎత్తేసిన రోజున వాటిలో చాలావరకు పాత ఇనుము కింద తూకానికి వెళ్లిపోయాయి. మీలాంటివారు దాచబట్టే కొన్నయినా మిగిలాయి. అయితే వస్తువు అరుదు కావడం వేరు, దానికి కొనుగోలుదారులు ఉండడం వేరు. బంగారానికి ఏ పూటకు ఆ పూట ధర తెలుస్తుంది, బ్యాంకు అప్పు కూడా ఇస్తుంది. స్టాండుకు ఆ రెండూ లేవు. కొనేవారిలో నిజమైన సేకర్తలు కొందరే. అలంకరణ కోసం కొనే హోటళ్లవారికి అసలుదైనా, నిరుడు ఫౌండ్రీలో పోత పోసినదైనా ఒకటే. ఇంటర్నెట్‌లో కనిపించేవి అడిగే ధరలే గాని అమ్ముడైన ధరలు కావు. హైదరాబాద్ జుమ్మేరాత్ బజార్‌లోనో, కారైక్కుడి పాత సామాన్ల దుకాణాల్లోనో, ముంబయి చోర్ బజార్‌లోనో మీ దగ్గరున్న స్టాండు ఫొటోలు చూపించి, ఈరోజు ఎంతకు కొంటారో అడిగి చూడండి. మీ సేకరణ విలువగా రాసుకోవలసింది ఆ జవాబునే. రిటైర్మెంట్ ప్రణాళికలో మాత్రం దాన్ని సున్నాగానే లెక్కించండి. తర్వాత ఎంత వచ్చినా అది అదనం.

ఇక ఆ షోరూమ్‌లో ఏం చూడాలి? మొదట తయారీ పేరు, ఊరు చూడండి. హెర్క్యులిస్ స్టాండు మీద బర్మింగ్‌హామ్ అని ఉందా, మద్రాస్ అని ఉందా అన్నదాన్ని బట్టి కాలం తేలుతుంది. మద్రాసులో హెర్క్యులిస్ సైకిళ్లు తయారుచేసిన టీఐ సైకిల్స్ 1949లో ఏర్పడింది. సోనిపట్‌లో అట్లాస్ 1951లో, లూధియానాలో హీరో 1956లో మొదలయ్యాయి. కాబట్టి ఈ దేశీయ కంపెనీల స్టాండును ఎవరైనా స్వాతంత్ర్యానికి ముందుదని చెబితే నమ్మవలసిన పని లేదు. తర్వాత స్టాండును తలకిందులు చేసి చూడండి. వెనక చక్రపు ఇరుసు ఆనే గాడి దగ్గర ఇనుము నున్నగా అరిగి మెరుస్తుంటే అది ఏళ్లపాటు బరువు మోసినదని అర్థం. అరుగుదల అంతటా ఒకేలా ఉంటే ఉప్పు కాగితంతో చేసిన పనేమోనని అనుమానించాలి. రివెట్లు ఉండవలసిన చోట వెల్డింగ్ పూసలు కనిపిస్తే, ప్లస్ గుర్తు స్క్రూలు కనిపిస్తే, అది మరమ్మతుకు వచ్చినదో కొత్తగా చేసినదో అయి ఉండవచ్చు. పాత రంగు పెచ్చులూడి ఉన్నా దాన్ని గోకించి కొత్త రంగు వేయించకండి. సేకర్తలు ధర కట్టేది ఆ పాత రంగుకు, దాని మీది అక్షరాలకు. తడి తగలకుండా కుట్టుమిషను నూనె పలుచగా రాస్తే సరిపోతుంది.

చట్టం సంగతి. 1972 నాటి పురావస్తువుల చట్టం కిందికి సాధారణంగా నూరేళ్లు దాటినవే వస్తాయి. అలాంటివాటిని ప్రైవేటు వ్యక్తులు విదేశాలకు పంపకూడదు. దేశంలో వాటి వ్యాపారం చేయాలన్నా లైసెన్సు కావాలి. మీ వస్తువుల్లో ఎక్కువ భాగం అంత పాతవి కాకపోవచ్చు. అయినా విదేశీ కొనుగోలుదారుకు పంపే ముందు అది పురావస్తువు కాదని భారత పురావస్తు సర్వేక్షణ సంస్థ నుంచి ధ్రువీకరణ పొందడం క్షేమం. లాభం కోసం కొన్నామని మీరే అంటున్నప్పుడు ఇవి సొంత వాడకపు సామాను కాబట్టి లాభంపై పన్ను ఉండదనే వాదన నిలవడం కష్టం. కాబట్టి ప్రస్తుత నిబంధనల ప్రకారం 24 నెలలు దాటాక అమ్మితే లాభంపై 12.5 శాతం, అంతకు ముందే అమ్మితే మీ స్లాబు ప్రకారం పన్ను ఉంటుందనుకుని లెక్క వేసుకోండి. తరచుగా కొని అమ్ముతుంటే దాన్ని వ్యాపార ఆదాయంగా చూడవచ్చు. అమ్మినప్పుడు 2 లక్షలు, అంతకు మించిన మొత్తాన్ని నగదుగా పుచ్చుకోకండి. జరిమానా పడేది తీసుకున్నవారి మీదే.

బీమా విషయంలో చాలామంది ఏమరుపాటుగా ఉంటారు. భారత్ గృహ రక్ష వంటి పాలసీలో మామూలు ఇంటి సామానుకు రక్షణ ఉన్నా, అపురూప వస్తువులకు ముందుగా విలువ ఒప్పుకుని విడిగా కవరు తీసుకోవాలి. అందుకు జాబితా కావాలి. ఒక నోటు పుస్తకంలో ప్రతి వస్తువుకూ కొన్న తేదీ, ధర, ఎవరి దగ్గర కొన్నారు, కొలతలు, ఫొటో సంఖ్య రాసి పెట్టండి. రేపు పన్ను లెక్కకైనా, మీ తర్వాత ఇంట్లోవారు అమ్మాలనుకున్నా ఆ పుస్తకమే ఆధారం.

మూడు నుంచి ఆరు నెలల ఇంటి ఖర్చుకు సరిపడే అత్యవసర నిధి విడిగా ఉంటే, ఏడాదికి ఒక నెల నికర జీతంలో సగం ఈ అభిరుచికి కేటాయించుకోండి. ఈ ఏటి సొమ్ముతో షోరూమ్ యజమానిని కలిసి, కంపెనీ పేరు పోతలోనే ఉన్నవి, పాత రంగు చెదరనివి రెండో మూడో ఎంచుకుని విడిగా ధర అడగండి. మొత్తం కలిపే ఇస్తానని ఆయన పట్టుబడితే, తెలిసిన సేకర్తలు ఇద్దరు ముగ్గురిని కలుపుకొని పంచుకోండి. డబ్బు బ్యాంకు ద్వారా చెల్లించి, వస్తువుల పేర్లతో రసీదు రాయించుకోండి.