సమాధానం: ఆ సవర కుర్రాడికి కోపం రానివ్వండి

మీ కథలో ఒడిశాలోని గుణుపురం షావుకారు కొడుకు మోసం చేయడం, చిన్ననాటి స్నేహితుడైన సవర తెగ కుర్రాడు క్షమించేయడం, ఆ క్షమించడాన్ని ఎవరూ నమ్మకపోవడం... ఇదే కదా మీ సమస్య? కథ రెండుసార్లు చదివాను. తప్పు ముగింపులో లేదండీ, మొదట్లోనే ఉంది. ఆ కుర్రాడికి మీరు మంచితనం తప్ప మరేమీ ఇవ్వలేదు.

సంత దృశ్యమే తీసుకోండి. షావుకారు చింతపండు తూస్తుంటే కొడుకు పక్కన నిలబడ్డాడు, అంతే. తూనికరాళ్ల పళ్లెం అడుగున అంటించిన ముద్దను స్నేహితుడు చూశాడని, చూసిన సంగతి కొడుక్కీ తెలిసిందని రాయండి. ఆ సాయంత్రం ఇద్దరూ మామూలుగానే వంశధారలో ఈతకు వెళ్లాలి. ఎవరూ నోరు విప్పకూడదు.

ఇక భాష. పక్కనే పర్లాకిమిడిలో గిడుగు రామమూర్తి గారు పట్టుబట్టి సవర నేర్చుకుని నిఘంటువే తయారుచేశారు. మీ కథానాయకుడికి, అంటే షావుకారు కొడుక్కి, పదేళ్ల స్నేహంలో ఒక్క సవర మాట రాలేదు! మీరు గమనించకుండా రాసినట్టున్నారు గానీ, కథలో అన్నిటికంటే నిజమైన విషయం అదే. దాచకండి.

ఒక దిద్దుబాటు: షావుకారు ఆ సవర స్నేహితుడి పొలాన్ని తన పేరిట రిజిస్టర్ చేయించుకోలేడు. ఒడిశా షెడ్యూల్డ్ ప్రాంతాల్లో గిరిజనుల భూమి ఇతరుల చేతికి పోకుండా 1956 నాటి నిబంధన ఉంది. 2002లో దాన్ని ఇంకా బిగించారు. కాబట్టి కాగితాల్లో పొలం స్నేహితుడిదే, పంట మాత్రం అప్పు కింద షావుకారు గోదాముకు చేరుతుంది. ఆ అప్పుపత్రం మీద స్నేహితుడి తండ్రి చేత వేలిముద్ర వేయించింది మీ కథానాయకుడే అయితే?