పిల్లల పాటకు దూరం కాకు

అమ్మాయీ,

నీ ఉత్తరం అందింది. ఇన్నేళ్లు చిన్నపిల్లలకు సంగీతం చెప్పిన నువ్వు, ఇక ఆ పని చేయబోయే టీచర్లకు శిక్షణ ఇవ్వాలనుకుంటున్నావని చదివి ఎంతో సంతోషించాను. తప్పకుండా వెళ్లు. కానీ చిన్న తరగతిని పూర్తిగా వదిలిపెట్టకు. వారానికి ఒక్క పీరియడైనా పిల్లలకు పాఠం చెబుతూ ఉండు. నేను మధ్యలో నాలుగేళ్లు మానేశాను. ఆరేళ్ల పిల్లవాడు ఒకచోట ఎంతసేపు కుదురుగా కూర్చోగలడో కూడా మరిచిపోయి, నోట్సులో ఉన్నదే వల్లించాను. ఆ బ్యాచ్‌ల టీచర్లను తలచుకుంటే ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది.

ట్రైనీల పాఠం చూడటానికి వెళ్లినప్పుడు వెనక బెంచీలో కూర్చోకు. పిల్లల ముఖాలు కనిపించేలా పక్కగా కూర్చో. ఒకసారి మంచి గొంతున్న ట్రైనీ పాఠం చూశాను. గది మారుమోగుతోంది. రెండోసారి పాడించేటప్పుడు పెదవి కదపకుండా చేత్తో తాళం మాత్రమే వేయమని చీటీ రాసి పంపాను. ఆమె ఆగింది. రెండో పాదానికే పాట సన్నగిల్లింది, మూడో పాదంలో ఇద్దరి గొంతులే మిగిలాయి. తక్కినవాళ్లంతా ఆమె పెదవుల వైపే చూస్తున్నారు. ఆమె ముఖం పాలిపోయింది. తర్వాత నేను ఒక్క తప్పూ ఎత్తిచూపలేదు, పాట ఎక్కడ జారిపోయిందో చెప్పమని మాత్రం అడిగాను. ఏ మాట దగ్గర జారిందో కూడా చెప్పింది. ఆ చెవిని తెరిపించడమే నీ పని.

శ్రుతి దగ్గర మరీ పట్టుదలగా ఉండు. పెద్దవాళ్లు తమ గొంతుకు హాయిగా ఉన్నచోట పాట ఎత్తుకుంటారు. అది చిన్నపిల్లలకు చాలా కింద. కీబోర్డు మధ్యలోని సి పక్కనున్న డి నుంచి ఆ పై ఎ వరకు సాధారణంగా వాళ్లకు సులువు. అంతకన్నా దిగువన మొదలుపెడితే పాడలేక గొణుగుతారు, టీచరేమో వీళ్లకు శ్రుతిజ్ఞానం లేదంటారు. ఆ మాట విని జన్మంతా నోరు విప్పనివాళ్లు నీ ట్రైనీల్లోనే ఉంటారు. వాళ్లను ముందు గుంపులో పాడించు, ఒంటరిగా నిలబెట్టకు. మగ టీచర్ల గొంతు ఒక స్థాయి కింద పలుకుతుంది కాబట్టి కొందరు పిల్లలు తికమకపడతారు. బాగా పాడే పిల్లతో పాట ఎత్తించమను.

పద్ధతుల గురించి అడిగావు. పిల్లలకు సంగీతం నేర్పే పద్ధతులు రూపొందించిన కొడాయ్, ఓర్ఫ్, డాల్‌క్రోజ్, ఈ ముగ్గురి దారులూ నేర్చుకో, ఏ ఒక్కరికీ కట్టుబడకు. కొడాయ్ పేరుతో ప్రచారమైన, ఒక్కో స్వరాన్ని చేత్తో చూపే గుర్తులకు మూలం 19వ శతాబ్దపు ఇంగ్లండులో జాన్ కర్వెన్ ఏర్పరచినవే. డాల్‌క్రోజ్ జెనీవాలో పాఠాలు చెబుతూ, విద్యార్థుల లయ లెక్కల్లోనే ఉంది గానీ ఒంట్లో లేదని గమనించి వాళ్లను నడిపించాడు. నువ్వూ ట్రైనీలను కుర్చీల్లోంచి లేపి నడిపించు. పెద్దవాళ్లు మొదట సిగ్గుపడతారు, పది నిమిషాల్లో పోతుంది.

దరఖాస్తులు, డిగ్రీల సంగతి నీకే బాగా తెలుసు. దానికన్నా ముందు నీ తరగతిలోకే ఒక ట్రైనీని అడిగి తెచ్చుకో. మొదటి పాఠం చూశాక నాకు రాయి. పిల్లలు ఏం చేశారో ముందు రాయి, టీచరు గురించి తర్వాత అడుగుతాను.

ఆశీస్సులతో,
మీ టీచరు